పోరస్ టైటనేట్ ఏ పద్ధతిలో చేయాలి? ముందు రంధ్రాలా, స్ఫటికమా తేల్చుకోండి

ఏటా సంక్రాంతి సెలవులు అయిపోయి ప్రాజెక్టులు మొదలయ్యే టైమ్‌కి హన్మకొండలో మా ల్యాబ్ గుమ్మం దగ్గర ఒకటే ప్రశ్న. "అక్కా, పోరస్ టైటనేట్ చేద్దామనుకుంటున్నం, హైడ్రోథర్మల్ పెట్టాల్నా, సోల్-జెల్ పెట్టాల్నా?" కాంతి పడితే నీటిలోని మురికిని, లేదా నీటినే విరగ్గొట్టే రంధ్రాల పౌడర్ గురించి ఈ ప్రశ్న. హైడ్రోథర్మల్ అంటే మూసిన పాత్రలో వేడి నీళ్లలో వండటం, సోల్-జెల్ అంటే ద్రావణాన్ని జెల్‌గా గట్టిపరిచి కాల్చడం. నేను వెంటనే జవాబు చెప్పను. మీ ఫర్నేస్ (కాల్చే కొలిమి) ఎన్ని డిగ్రీల దాకా పోతుంది, ఆటోక్లేవ్ (ఒత్తిడి తట్టుకునే మూత పాత్ర) ఉందా, దాంతో దేన్ని విరగ్గొడతారు, చేతిలో ఎన్ని వారాలున్నాయి అని అడుగుతాను. అక్కడ మొహాలు వాడిపోతాయి, ఎందుకంటే వాళ్లు పేపర్లలో సర్ఫేస్ ఏరియా (గ్రాము పౌడర్‌కి ఉన్న ఉపరితలం) అంకెలు పక్కపక్కన రాసుకుని, ఏది పెద్దగా ఉంటే దానికి టిక్కు పెట్టుకుని వచ్చారు. తప్పు పట్టను. నేనూ మొదటి ఏడాది అచ్చం అదే చేశాను, ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

మొదట ఒక చిన్న గందరగోళం తీర్చుకుందాం. టైటానియం డయాక్సైడ్‌ని టైటానియా అంటారు, అది టైటనేట్ కాదు. టైటానియం, ఆక్సిజన్‌లతో పాటు స్ట్రాన్షియం, బేరియం, కాల్షియం, సోడియం లాంటి ఇంకో లోహం కూడా జాలకంలో (పరమాణువుల అల్లికలో) కూర్చుంటే అది టైటనేట్. సోడియం స్థానంలో హైడ్రోజన్ వచ్చి కూర్చున్న హైడ్రోజన్ టైటనేట్ కూడా ఇదే కుటుంబం. 1972లో ఫుజిషిమా, హోండా నీటిని కాంతితో విడగొట్టి చూపించింది టైటానియా ఎలక్ట్రోడ్‌తోనే కాబట్టి అందరి నోట్లో ఆ పేరే నలుగుతుంది, కానీ ఇవాళ నీటి నుంచి హైడ్రోజన్ తీసే పనిలో పెద్దపీట స్ట్రాన్షియం టైటనేట్‌ది. రెండింటికీ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులే. అంటే 387 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలే వీటికి పనికొస్తాయి. మన వరంగల్ మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తుంది కదా, ఇంక లైట్ ఎందుకు అనుకుంటారు చాలామంది. ఆ ఎండలో అల్ట్రావయొలెట్ వాటా నూటికి నాలుగైదు పాళ్లే, మిగతాదంతా ఈ పౌడర్ ముట్టుకోకుండా వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు పేచీ. రామప్ప గుడికి వెళ్లిన ప్రతివాడికీ గైడు చెప్పే మాట ఒకటుంది: శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని. మట్టిలో ఊకో, రంపపు పొట్టో కలిపి కాల్చి ఉంటారని, అది కాలిపోయి వదిలిన ఖాళీలే ఆ తేలికకు కారణమని చెబుతారు. సాఫ్ట్ టెంప్లేట్ పద్ధతి అంటే ఇంతే. పొట్టు బదులు పాలిమర్, మట్టి బదులు టైటానియం జెల్. కానీ ఇటుకతో లేని తలనొప్పి ఇక్కడొకటుంది. ఇటుక ఎంత కాలిస్తే అంత గట్టిపడుతుంది, దాని పని అంతటితో అయిపోయింది. మన పౌడర్‌ని ఎక్కువ కాలిస్తే స్ఫటికం బాగా కుదురుతుంది, లోపాలు తగ్గుతాయి, కాంతి పడి విడిపోయిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) దారిలో మళ్లీ కలిసిపోకుండా ఉపరితలం దాకా వస్తాయి. బాగానే ఉంది, కానీ అదే వేడికి గోడలు లావెక్కి, రంధ్రాలు మూసుకుపోయి, సర్ఫేస్ ఏరియా కుప్పకూలుతుంది. తక్కువ కాలిస్తే రంధ్రాలు ఉంటాయి, కానీ లోపల అంతా లోపాలే, ఎలక్ట్రాన్లు పుట్టినచోటే చస్తాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ బేరం తప్పదు. అందుకే పద్ధతి ఎంచుకోవడం కంటే ముందు, రెండింట్లో మీ పనికి ఏది వదులుకోవచ్చో తేల్చుకోండి.

నా లెక్క ఇది: నీటిలో ఉన్న రంగునో, ఫీనాల్‌నో తీసేయాలంటే అణువు వచ్చి అంటుకోవాలి కాబట్టి రంధ్రాలు కావాలి, స్ఫటికం ఓ మోస్తరుగా ఉన్నా సరిపెట్టుకోవచ్చు. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టాలంటే నీరు ఎలాగూ చుట్టూ ఉంటుంది, దాన్ని పీల్చిపెట్టే అవసరం లేదు, అక్కడ స్ఫటికమే రాజు.

సోడియం హైడ్రాక్సైడ్‌లో వండటం

డబ్బుల్లేని ల్యాబ్‌కి ఇది మొదటి దారి. 1998లో జపాన్‌లో కసుగా బృందం చూపించిన పద్ధతి: టైటానియా పౌడర్‌ని 10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 110 డిగ్రీల దగ్గర 20 గంటలు ఉంచి, నీళ్లతో, పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగితే సన్నని గొట్టాలు వచ్చాయి, గ్రాముకు సుమారు 400 చదరపు మీటర్ల ఉపరితలంతో. అప్పట్లో అవి టైటానియా గొట్టాలే అనుకున్నారు, తర్వాత పొరలు పొరలుగా ఉన్న టైటనేట్ చుట్టుకున్నదని తేలింది.

కావాల్సిన సామాను తక్కువ. 100 మి.లీ. టెఫ్లాన్ లైనర్, స్టీలు జాకెట్ (ఈ రెండూ కలిస్తే ఆటోక్లేవ్), ఓవెన్, ఒక గ్రాము టైటానియా, 60 మి.లీ. నీళ్లకి 24 గ్రాముల పెల్లెట్లు. ఆ పెల్లెట్లు ఒకేసారి కుమ్మరించకండి. బీకరు ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, చిమ్మితే కంటికి ప్రమాదం. ఐస్ నీళ్ల తొట్టిలో బీకరు పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, కొద్దికొద్దిగా వేయండి. లైనర్‌ని మూడింట రెండు వంతులకు మించి నింపకండి. ఇంకో మాట, ఓవెన్ ఆపేసిన అరగంటకే ఆత్రం కొద్దీ మూత తిప్పేవాళ్లని చూశాను, వద్దు, పూర్తిగా చల్లారనివ్వండి.

ఈ పద్ధతిలో అసలు శ్రమ వంటలో లేదు, కడగడంలో ఉంది. బియ్యం కడిగినట్టు మూడుసార్లు కడిగితే అయిపోదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైనీళ్లు పారబోయడం, మళ్లీ కలపడం, మళ్లీ తిప్పడం, పీహెచ్ 7 దగ్గరికి వచ్చేసరికి చేతులు పడిపోతాయి. సోడియం మిగిలితే ఏమవుతుందంటే, తర్వాత 400-500 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు అనటేజ్ (టైటానియాకి ఒక స్ఫటిక రూపం) రావాల్సినచోట సోడియం టైటనేట్లు వచ్చి కూర్చుంటాయి. కాల్చకుండా వాడొచ్చు కదా అంటే, కాల్చని గొట్టాలు రంగు పీల్చడంలో దిట్టలు గానీ ఫొటోక్యాటలిస్ట్‌గా (కాంతితో పనిచేసే ఉత్ప్రేరకంగా) నీరసం. 500 దాటితే గొట్టం ఆకారం కూలడం మొదలవుతుంది. అంటే మీకు దొరికే కిటికీ చాలా ఇరుకు.

దీంతోనే నేను మోసపోయాను. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో నా పౌడర్ వేసి, లైట్ వేసి, అరగంటలో నీళ్లు తేటగా అయిపోతే ల్యాబ్ అంతా స్వీట్లు పంచాను. వారం తర్వాత ఒక సీనియర్ సెంట్రిఫ్యూజ్ ట్యూబు ఎత్తి అడుగు చూపించింది. పౌడర్ తెల్లగా లేదు, నీలిమందు ముద్దలా ఉంది. రంగు విరగలేదు, అంటుకుంది, అంతే. అదే రాత్రి ఇంకో బీకరుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి బీరువాలో పెట్టి, పొద్దున తీస్తే అదీ తేటగానే ఉంది. టైటనేట్ ఉపరితలం ఋణావేశం, మిథిలీన్ బ్లూ ధనావేశం, సోడియం స్థానంలో రంగు వెళ్లి కూర్చుంటుంది, లైట్‌తో పనే లేదు.

సోల్-జెల్, పీ123తో

రంధ్రాలు ఒకే సైజులో, చెప్పిన మాట వినేలా కావాలంటే ఇది. టైటానియం ఐసోప్రొపాక్సైడ్ గానీ బ్యూటాక్సైడ్ గానీ, పీ123 అనే పాలిమర్, ఇథనాల్, కాస్త యాసిడ్. పీ123 చూడ్డానికి గ్రీజులా ఉంటుంది, స్పాచ్యులాకి అంటుకుని వదలదు, తూకం వేసేటప్పుడే సగం ఓపిక అయిపోతుంది. ఇథనాల్ మెల్లగా ఆరిపోతుంటే పాలిమర్ తనంతట తాను గుంపులు కట్టి వరుసగా నిలబడుతుంది, దాని చుట్టూ టైటానియా గట్టిపడుతుంది, 400 డిగ్రీల దగ్గర పాలిమర్ కాలిపోతుంది. కాల్చాక గ్రాముకు 100 నుంచి 200 చదరపు మీటర్లు వస్తే బాగా వచ్చినట్టే.

మన దగ్గర దీనికి శత్రువు శ్రావణం. ఐసోప్రొపాక్సైడ్‌కి గాలిలో తేమ తగిలితే చాలు, పొగలు వచ్చి సీసా మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా ల్యాబ్‌లో ఒకే రెసిపీ మూడు రోజుల్లో మూడు రకాలుగా వచ్చింది. ఒకరోజు జెల్, ఒకరోజు పెరుగు విరిగినట్టు ముద్దలు, ఇంకో రోజు ఏమీ కాలేదు. ఎసిటిక్ యాసిడో, ఎసిటైల్ ఎసిటోనో ముందే కలిపితే అవి టైటానియంని పట్టుకుని హైడ్రాలిసిస్‌ని (నీటితో జరిగే చర్యని) నెమ్మదిస్తాయి, అప్పుడు కాస్త దారికొస్తుంది. వీలుంటే తేమ తక్కువుండే నెలలు చూసుకోండి, ఫిబ్రవరి, మార్చి బంగారం.

కాల్చేటప్పుడు నిమిషానికి 1 లేదా 2 డిగ్రీలకు మించి పెంచకండి. మా దగ్గర ఒకసారి తొందరపడి పదేసి డిగ్రీలు పెంచి, పైగా క్రూసిబుల్‌కి (పౌడర్ కాల్చే మూసకి) మూత కూడా పెట్టాం, గాలి అందక బూడిద రంగు పౌడర్ వచ్చింది. అది కాలని కార్బన్. అది కాంతిని తానే మింగేస్తుంది, పైగా నల్లబడ్డ పౌడర్ విజిబుల్ లైట్‌లో పనిచేస్తోందని సంబరపడి రాసేసేవాళ్లూ ఉన్నారు. రాత్రి కరెంటు పోయి ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకోండి. ఆగి, మళ్లీ మొదలైన బ్యాచ్‌ని మిగతావాటితో పోల్చడం న్యాయం కాదు.

అయితే ఈ దారిలో వచ్చేది ఎక్కువగా టైటానియానే. ఇదే జెల్‌లో స్ట్రాన్షియం ఉప్పు కలిపి స్ట్రాన్షియం టైటనేట్ చేయొచ్చు, కానీ అది స్ఫటికంగా మారడానికి ఇంకాస్త ఎక్కువ వేడి అడుగుతుంది, ఆ వేడికి వరుసగా నిలబడ్డ రంధ్రాలు కూలిపోతాయి. పేపర్లలో అందంగా కనిపించే ఫొటోల వెనక ఇలా కూలిన బ్యాచ్‌లు చాలానే ఉంటాయి.

స్ట్రాన్షియం టైటనేట్ గోళీలు, రెండు మెట్లలో

నన్నడిగితే ఆటోక్లేవ్ ఉన్నవాళ్లకి నేను ఇదే చెబుతాను. ముందు టైటానియా గుండ్రటి పోరస్ గోళీలు చేసుకోండి, తర్వాత వాటిని స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్ నీళ్లలో 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఒక రోజు ఉంచండి. గోళీ ఆకారం చాలావరకు అలాగే నిలబడి, లోపల టైటానియా టైటనేట్‌గా మారుతుంది. ఫర్నేస్‌లో 1000 డిగ్రీలు కాల్చే పని లేదు. ఉపరితలం గొట్టాలంత రాదు, కానీ కష్టపడి కాల్చినదానికంటే ఎన్నో రెట్లు మేలు.

ఇక్కడ ఒక లాభం ఎవరూ గట్టిగా చెప్పరు. నానో పౌడర్‌ని నీళ్లలో వేస్తే పాలలా తెల్లగా నిలిచిపోతుంది, తిరిగి తీయాలంటే సెంట్రిఫ్యూజ్ ఉండాల్సిందే. మైక్రాన్ సైజు గోళీలో చిన్న స్ఫటికాలు అతుక్కుని మధ్యలో దారులున్నాయనుకోండి, పని నానోలా చేస్తుంది, స్టిర్రర్ ఆపి టీ తాగి వచ్చేసరికి అడుక్కి దిగుతుంది. అదే పౌడర్‌ని ఐదుసార్లు మళ్లీ వాడి చూపించాలంటే ఇది చిన్న విషయం కాదు.

చిక్కు కార్బొనేట్‌తో. స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ఇట్టే లాక్కుని స్ట్రాన్షియం కార్బొనేట్ అయిపోతుంది. దాని పెద్ద పీక్ ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్షలో) 25.2 డిగ్రీల దగ్గర వస్తుంది. అనటేజ్ పీక్ 25.3. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి! చాలామంది ఆ పీక్ చూసి టైటానియా మిగిలిపోయిందనుకుని ఇంకో రోజు వండుతారు, అది కార్బొనేట్ అయితే ఎన్ని రోజులు వండినా పోదు. స్ట్రాన్షియం టైటనేట్ అసలు పీక్ 32.4 దగ్గర చూసుకుని, 25 దగ్గర ఏదైనా ఉంటే కొంచెం పౌడర్ తీసి పలుచని ఎసిటిక్ యాసిడ్ వేయండి. బుడగలు వచ్చి, మళ్లీ తీసిన ఎక్స్‌ఆర్‌డీలో ఆ పీక్ మాయమైతే దొంగ దొరికినట్టే. నీళ్లు ముందే మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడితే తలనొప్పి సగం తగ్గుతుంది.

మిగతా రెండు, త్వరగా

సాలిడ్ స్టేట్, అంటే స్ట్రాన్షియం కార్బొనేట్, టైటానియా కలిపి రోట్లో నూరి 1000-1200 డిగ్రీల దగ్గర కాల్చడం. గ్రాముకు ఒకటి నుంచి ఐదు చదరపు మీటర్లు, రంధ్రాల మాటే లేదు. దీనికే కరిగిన ఉప్పు కలిపితే స్ఫటికాలు చక్కటి ఘనాలుగా పెరుగుతాయి. స్ట్రాన్షియం క్లోరైడ్‌లో, అల్యూమినా క్రూసిబుల్‌లో కాల్చినప్పుడు క్రూసిబుల్ నుంచే కాస్త అల్యూమినియం దిగి, పనితనం అమాంతం పెరిగిందని తేలింది. అదే దారిలో పోయిన జపాన్ బృందం 2020లో అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో 350-360 నానోమీటర్ల కాంతిలో 96 శాతం దాకా క్వాంటం ఎఫిషియెన్సీ (పడిన కాంతి కణాల్లో పనికొచ్చిన వాటా) చూపించింది. రంధ్రాలు లేని పౌడర్ అది! సర్ఫేస్ ఏరియా అంకె మీద ప్రాణం పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం గోడకి రాసి పెట్టుకోవాలి. కానీ 1150 డిగ్రీలు కావాలి, చాలా కాలేజీల మఫిల్ ఫర్నేసులు 1000 దగ్గరే మూలుగుతాయి. ముందు ఫర్నేస్ మీదున్న ప్లేటు చదవండి.

హార్డ్ టెంప్లేట్, అంటే సిలికా అచ్చులో పోసి తర్వాత సిలికాని కరిగించడం. ఫొటోలు అద్భుతంగా వస్తాయి. కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అంటారు కొందరు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని, దాని గురించి ట్రైనింగ్ లేని ల్యాబ్‌లో ఆ సీసా మూత తీయొద్దు, ఇందులో చర్చే లేదు. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌తో కరిగించొచ్చు గానీ సిలికా పూర్తిగా పోదు. పాలిస్టైరీన్ బంతుల అచ్చు అయితే కాల్చితే పోతుంది, కానీ వచ్చే రంధ్రాలు పెద్దవి, ఉపరితలం తక్కువ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను ఒప్పుకోను.

ఎంచుకున్నాక పరీక్ష సరిగ్గా పెట్టకపోతే అంతా వృథా

ఏది చేసినా పక్కన పీ25 పెట్టుకోండి. బజారులో దొరికే టైటానియా, గ్రాముకు సుమారు 50 చదరపు మీటర్లు, నూటికి 80 వంతుల దాకా అనటేజ్, మిగతాది ఎక్కువగా రూటైల్ అనే ఇంకో స్ఫటిక రూపం. దాన్ని మీది ఓడించకపోయినా పర్వాలేదు, ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది. పీ25 లేకుండా వచ్చే పోస్టర్లని నేను అసలు చదవను.

లైట్ వేయకముందు చీకట్లో కనీసం అరగంట కలపండి, పీల్చుకోవడం ఆగిందో లేదో రెండు శాంపిళ్లు తీసి చూసుకోండి. పౌడర్ లేకుండా ఒక్క లైట్‌తో ఒక బీకరు, లైట్ లేకుండా పౌడర్‌తో ఒక బీకరు, ఈ రెండూ ఉండాల్సిందే. మిథిలీన్ బ్లూ తానే 664 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగి పౌడర్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, అప్పుడు మీ టైటనేట్ ఏ పనీ చేయకుండానే విజిబుల్ లైట్ హీరో అయిపోతుంది. కాబట్టి రంగు లేని ఫీనాల్‌తో కూడా ఒకసారి చేసి చూపించండి. అక్కడా పనిచేస్తే నేను నమ్ముతాను.

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల (తివాచీల) రంగు నీళ్లు తెచ్చి శుద్ధి చేస్తామని ఉత్సాహంగా వచ్చే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆలోచన మంచిదే, మన ఊరి సమస్య మన ల్యాబ్‌కి రావాలి. కానీ పత్తి దారానికి వాడే డైరెక్ట్, రియాక్టివ్ రంగులు చాలావరకు ఋణావేశంతో ఉంటాయి, మిథిలీన్ బ్లూకి పూర్తిగా తిరగబడ్డవి. గొట్టాలు వాటిని దగ్గరికే రానివ్వవు. పైగా ఆ నీళ్లలో ఉప్పు, సోడా ఉంటాయి, క్లోరైడ్, బైకార్బొనేట్ వచ్చి రంగుని విరగ్గొట్టే హైడ్రాక్సిల్ ర్యాడికల్స్‌ని మధ్యలోనే మింగేస్తాయి. ముదురు రంగు నీళ్లలోకి కాంతి వేలెడు లోతు కూడా దిగదు. అందుకని ముందు పదిరెట్లు పలుచన చేసి, పీహెచ్ చూసుకుని మొదలుపెట్టండి. ఈ పనికి గొట్టాలు వద్దు, గోళీలు గానీ సోల్-జెల్ టైటానియా గానీ పట్టుకోండి.

మూడు నెలల ప్రాజెక్టు, ఆటోక్లేవ్ ఒక్కటే, ఫర్నేస్ 600 దాటదు అన్న పిల్లలకి నా జవాబు రెండు మెట్ల గోళీలే. ఆటోక్లేవ్ కూడా లేదంటే సోల్-జెల్, అదీ వానలకి ముందే. గొట్టాలు ఎంచుకుంటే "పీల్చుకోవడం" అని టైటిల్‌లోనే నిజాయితీగా రాసుకోండి, అదీ మంచి పనే. హైడ్రోజన్ కలలుంటే 1200 డిగ్రీల ఫర్నేస్ ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాళ్ల టెక్నీషియన్‌తో ముందు దోస్తీ చేయండి. క్రూసిబుల్ మాత్రం మీదే తీసుకెళ్లండి, వాళ్ల క్రూసిబుల్‌లో అంతకుముందు ఏం కాల్చారో ఎవరికీ గుర్తుండదు.